కోట కాపలా మనిషి కొలతలు

మా వియ్యపురాలు సీతమ్మగారు టీవీకి టేపు పెట్టి కొలతలు తీసిన రోజున నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. ఆ నవ్వు ఎంత తెలివితక్కువదో నాలుగు రోజుల్లోనే తెలిసొచ్చింది. ఆ నాలుగు రోజులూ అమెరికాలో, ఫ్రిస్కోలోని మా అబ్బాయి రాజీవ్ ఇంట్లో జరిగిన హడావుడి ఎవరికైనా చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ముందు ఆవిడ సంగతి చెప్పాలి. సీతమ్మగారిది చీరాల. పదహారో ఏట కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి యాభై వచ్చేదాకా లేవలేదు. ముప్పై నాలుగేళ్ళు ఇంటి వసారాలో జాకెట్లు కుట్టారు. ఆ మిషను చప్పుడు వింటూనే కూతురు అలేఖ్య చదువుకుంది, బొమ్మలు గీయడం నేర్చుకుంది, ఇక్కడికొచ్చి ఉద్యోగం తెచ్చుకుంది, మా వాణ్ణి పెళ్ళి చేసుకుంది. నేను హనుమకొండ కాలేజీలో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాను. మా వాళ్ళెవరైనా మీ వియ్యపురాలు ఏం చేస్తారని అడిగితే, ఇంట్లోనే ఉంటారని చెప్పేదాన్ని. తొమ్మిదేళ్ళుగా అదే జవాబు. మిషను ఉన్నది ఇంట్లోనే కదా, అబద్ధమేముందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. నాకు కోపమూ ఎక్కువే, గొప్పా ఎక్కువే.

ఈ ఏడాది ఇద్దరం ఒకేసారి వచ్చి పడ్డాం. నేను టీవీ ముందు, ఆవిడ కిటికీ పక్కన మిషను ముందు. కూతురు కిందటిసారి కొనిపెట్టిన మిషను అది. చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఫాల్సూ, బిగుతైపోయిన జాకెట్లూ అన్నీ అక్కడికే వచ్చేవి.

అలేఖ్య ఒక వీడియో గేమ్ కంపెనీలో ఆర్టిస్టు. గేమ్‌లో తిరిగే మనుషుల రూపం, వాళ్ళు కట్టుకునే బట్టలు గీసేది ఆమే. ఆ సోమవారం ఆఫీసు నుంచి వస్తూనే బ్యాగు సోఫాలో విసిరి, ఏం జరిగిందో అడిగితే టీవీలో ఒక బొమ్మ పెట్టింది. మంచుకొండ మీద కోట. కోట గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్ళు. మగవాడికి మెడ నుంచి మోకాళ్ళ దాకా ఇనుప కవచం, దానిమీద బొచ్చు కోటు. పక్కనున్న ఆడమనిషికి రెండు రేకు ముక్కలూ, మొలకో బెల్టూ. అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. అదే మంచు కదా, అదే కొండ కదా, వాడికి చలీ ఈమెకి ఉక్కపోతా? ఇట్లాంటి బొమ్మని గీయడానికి నీకు చేతులెట్లా వచ్చాయని కోడలి మీదికి లేచాను. గీసింది తను కాదట. రెండేళ్ళ కిందట తను నిండుగా బట్టలతో గీసిందట. మీటింగుకొకసారి స్లీవు పోయింది, మీటింగుకొకసారి కింద నుంచి జానెడు పోయింది. చివరికి ఇది మిగిలింది. ఆడేవాళ్ళకి ఇలాగే నచ్చుతుందని ఒకరు, బట్టలు ఎక్కువైతే కాలెత్తినప్పుడు గుడ్డ అడ్డం పడుతుందని ఒకరు. కొత్తగా వచ్చిన డైరెక్టరు వేదాంత్ మాత్రం ఒక్క అవకాశం ఇచ్చాడు. నిండు బట్టలతో ఆ మనిషి కొట్లాడగలదని శుక్రవారం మీటింగులో చూపిస్తే మార్చేద్దామన్నాడు. చూపించలేకపోతే ఈ బొమ్మే ఖాయం. కింద డిజైనర్ అని అలేఖ్య పేరు.

"నా పేరు పెట్టుకుని ఇది బయటికెళ్తే నేను తల ఎత్తుకోలేను అత్తయ్యా. శుక్రవారం అవ్వకపోతే రిజైన్ చేసేస్తాను" అంది.

సీతమ్మగారు మిషను ఆపి టీవీ దగ్గరికి వచ్చారు. ఆవిడకి గేమ్ అంటే తెలియదు. ఎవరో నటి వేషం వేస్తుంది, ఆ వేషానికి బట్టలు కుట్టాలి, ఆర్డరొచ్చింది అనుకున్నారు. అందుకే తన అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న వేశారు.

"ఈ పిల్ల ఆది జాకెట్టు ఏదే?"

ఆది లేకుండా ఆవిడ కత్తెర పట్టరు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి ముందుంటే, దాన్నిబట్టే కొత్తది కోస్తారు. అలేఖ్య, ఈమె నిజం మనిషి కాదమ్మా, ఊహించి చేసిన బాడీ అని చెప్పింది. మనిషే లేకుండా ఎట్టా కుట్టారని ఆవిడ మెడలో టేపు తీసి టీవీకి పెట్టారు. అప్పుడే నేను వంటింట్లోకి పోయింది. తిరిగొచ్చేసరికి పాత కవరు మీద లెక్క తేలింది. బొమ్మ ఎత్తు టీవీలో ఇంత, మనిషైతే అయిదడుగుల ఎనిమిదంగుళాలని కూతురు చెప్పింది, ఆ ప్రకారం ఛాతీ నలభై, నడుము పద్దెనిమిది.

ఈ నడుములో పేగులు ఎట్టా పట్టాయని ఆవిడ నిజంగానే కంగారుపడ్డారు. తర్వాత ఇంకో ప్రశ్న వేశారు. ఈ ఎగరడం, తన్నడం చేసేది ఎవరు?

అలేఖ్య ముఖం అప్పుడు మారింది. చేసేది జాహ్నవి అనే అమ్మాయి. ఒంటినిండా చుక్కలంటించిన బట్టలు వేసుకుని ఆమె గెంతితే, కెమెరాలు ఆ కదలికను పట్టుకుని బొమ్మకి ఇస్తాయట. అంటే రెండేళ్ళుగా కొట్లాడుతున్న నిజమైన ఆడమనిషి ఒకతి ఆ ఆఫీసులోనే ఉంది, ఆమె కొలత మాత్రం ఎవరూ అడగలేదు.

"ఆదివ్వాల్సింది ఆ పిల్లేగా. రేపు తీసుకురా" అన్నారు సీతమ్మగారు.

మంగళవారం జాహ్నవి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది, భుజాలు మా రాజీవ్ కంటే వెడల్పు. సీతమ్మగారు ఆమె కొలతలు రెండుసార్లు తీశారు. చేతులు దించి ఒకసారి, పైకెత్తి ఒకసారి. ఎందుకని అడిగాను. చీరాలలో ఆవిడ దగ్గరికొచ్చేవాళ్ళు నాట్లు వేసే ఆడవాళ్ళు, చేపల గంప నెత్తిన పెట్టుకుని చెయ్యెత్తి పట్టుకునే ఆడవాళ్ళు. నిలబడ్డప్పటి కొలతకి కుడితే చెయ్యెత్తగానే జాకెట్టు పైకి లేస్తుంది, నలుగురిలో ఆ ఆడవాళ్ళకి సిగ్గు. అందుకని చంక కింద నాలుగు పలకల గుడ్డ ముక్క ఒకటి కలిపేవారట. నేను ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద చెయ్యెత్తి రాశాను, నా టైలరు ఒక్కనాడూ ఇలా కొలవలేదు. నాకు కుళ్ళు పుట్టిందంటే నమ్మండి.

కాలెంత ఎత్తుతావో చూపించమంటే జాహ్నవి హాల్లోనే ఒక తన్ను తన్నింది. నా ముక్కు ముందు నుంచి గాలి వెళ్ళింది. "సారీ ఆంటీ, కంట్రోల్‌లోనే ఉంది" అంది నవ్వుతూ. నాకు భయం పోయి ఉత్సాహం పట్టుకుంది. ఇంకోసారి తన్నమన్నాను.

బుధవారమంతా కత్తెర, మిషను. మోకాళ్ళ దాకా వచ్చే నిండు చేతుల అంగీ, కింద గోచీ పోసి కట్టినట్టుండే పంట్లాం. గురువారం ట్రయల్. జాహ్నవి చేతులెత్తింది, అంగీ అంగుళం కదల్లేదు. కాలెత్తింది, చర్రుమని పంట్లాం మధ్యకి చిరిగింది.

సీతమ్మగారు చిరుగు వైపు చూస్తూ కూర్చుండిపోయారు. తొందరలో గుడ్డ నిలువుగా కోశారట, ఐమూలగా కొయ్యాలట, అప్పుడే సాగుతుందట. నా కూతురి పని చెడగొట్టానని ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. మళ్ళీ కొయ్యడానికి అంత మందపాటి గుడ్డ ఇంట్లో లేదు. నా పెట్టెలో మాత్రం ఒక పోచంపల్లి దుప్పటి ఉంది. ఇక్కడే కమ్మింగ్ అనే ఊళ్ళో ఉన్న నా స్నేహితురాలికని తెచ్చింది, ఎవరినీ ముట్టనివ్వలేదు. తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేశాను.

"కొయ్యండి వదినా. ఆలోచించకుండ్రి" అన్నాను.

శుక్రవారం అమర్చి తొడగడానికి అవసరమని మమ్మల్నిద్దర్నీ కూడా ఆఫీసుకి తీసుకెళ్ళింది అలేఖ్య. పెద్ద గది, పదిమంది దాకా ఉన్నారు. వేదాంత్ మా తెలుగు పిల్లాడే, ఇక్కడే నోవై అనే ఊళ్ళో పెరిగాడట. మాకు కుర్చీలు వేయించాడు. అలేఖ్య ముందుకెళ్ళి నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపు సీతమ్మగారు సంచిలోంచి ఒక నడుం బెల్టు తీసి బల్ల మీద పెట్టారు. ఇది ఎప్పుడు కుట్టారో నాక్కూడా తెలియదు.

"మీ బొమ్మ కొలతకే కుట్టాను బాబూ. ఎవరికి పెట్టాలో చూపించండి."

అలేఖ్య ఇంగ్లీషులో చెప్పింది. బెల్టు చేతులు మారింది. గుడ్డ అడ్డం పడుతుందని వాదించిన పెద్దమనిషి దాన్ని తన తలకి చుట్టుకుని చూశాడు. తలకి కూడా నాలుగంగుళాలు చాల్లేదు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత గదంతా నవ్వింది, ఆ పెద్దమనిషితో సహా.

అప్పుడు జాహ్నవి లోపలికొచ్చింది. నా పోచంపల్లి దుప్పటి మీది డిజైను ఆమె కాళ్ళ మీద ఎంత దర్జాగా ఉందో! ఎగిరింది, దొర్లింది, కర్రతో నాలుగు దెబ్బలు వేసింది. చివరికి నిన్న పంట్లాం చింపిన తన్ను వచ్చింది. నేను సీతమ్మగారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కాలు తల దాటి లేచింది, దిగింది. ఒక్క దారం తెగలేదు. పైగా ఆ అంగీ అంచు గాలికి విచ్చుకుని, తన్ను ఎటునుంచి ఎటు వెళ్ళిందో వెనక కూర్చున్న నాకు కూడా స్పష్టంగా కనిపించింది. రేకు ముక్కల బొమ్మలో ఆ తన్నుని ఎవరూ చూసి ఉండరు. ఆ ఒళ్ళు చూడనిస్తేగా.

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. నేను లేచి నిలబడి మరీ కొట్టాను, కాలేజీలో పిల్లలు కొడితే కసిరేదాన్ని.

వేదాంత్ జాహ్నవి చుట్టూ తిరిగి చూశాడు. చేతులు మళ్ళీ ఎత్తమని, చంక కింద ముక్కని ఫొటో తీసుకున్నాడు. ఇదే ఫైనల్, బాడీ కూడా జాహ్నవి కొలతలకే మార్చేద్దాం, డిజైనర్ అలేఖ్య అని చెప్పాడు. నా కోడలు అక్కడే అందరి ముందూ ఏడ్చేసింది. ఏడవనీ, నేనూ ఏడుస్తున్నాను.

వేదాంత్ మా దగ్గరికొచ్చి సీతమ్మగారిని, ఆంటీ మీరు ఏం చేస్తుంటారని అడిగాడు. ఆవిడ అలవాటుగా నా వైపు చూశారు. తొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్నకి జవాబు చెప్తున్నది నేనే కదా. అంటే అన్నీ వింటూనే ఉన్నారన్నమాట, ఒక్కసారీ ఏమీ అనలేదు. నాకు సిగ్గేసింది.

"టైలర్" అన్నాను. "ముప్పై నాలుగేళ్ళు కుట్టిండ్రు. ఇసొంటి పనితనం నేనెక్కడా చూడలే."

సీతమ్మగారు నా చెయ్యి ఒకసారి నొక్కి వదిలేశారు. తర్వాత సంచిలోంచి పాత కవరూ పెన్సిలూ తీసి, గోడ మీద వరసగా అంటించిన బొమ్మల వైపు చూశారు. ఇంకా పదకొండు మంది ఆడవాళ్ళు, అందరివీ అవే రేకు ముక్కలు, అదే పద్దెనిమిదంగుళాల నడుము.

"వీళ్ళ ఆదులు ఎప్పుడు పంపిస్తారు బాబూ? నవంబర్ దాకా ఇక్కడే ఉంటాను" అన్నారు.

వేదాంత్ గోడ వైపు చూసి, ఆవిడ వైపు చూసి, సోమవారం అన్నాడు.