మబ్బు కింద ఒక వేసవి

మా ఆఫీసు రాయదుర్గం మెట్రో స్టేషన్ దగ్గర, చాలా ఎత్తున ఉంటుంది. మొన్న మార్చిలో ఒక మధ్యాహ్నం లోపలికి ఎండుగడ్డి కాలిన వాసన వచ్చింది. అందరం కంగారుగా కిటికీల దగ్గరికి పరిగెత్తాం. పక్కనున్న ఖాళీ జాగాలో గడ్డికి ఎవరో నిప్పు పెట్టారు. మంట అప్పటికే ఆరింది, నల్లటి మచ్చ మిగిలింది. మిగతావాళ్లు నిట్టూర్చి కుర్చీల్లోకి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ మచ్చ అంచు వెంబడి గీత గీయాలనిపించింది. పై నుంచి చూసి కాలిన నేలకు గీత గీయడం నాకు నేర్పింది వసుంధర మేడం. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ వాసన పోయేదాకా నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను.

తొంభైల చివరి సంగతి ఇది. హైటెక్ సిటీ అంటే అప్పటికి ఒక్క పెద్ద భవనం, దాని చుట్టూ బండరాళ్లు. మాది మియాపూర్. డిగ్రీ అయ్యాక కంప్యూటర్ నేర్చుకుని, మాదాపూర్‌లో ఒక ఇంటి మేడ మీద నడిచే చిన్న కంపెనీలో చేరాను. ఉపగ్రహం తీసిన బొమ్మల్లో మన అడవులు ఏ యేడు ఎంత కాలాయో గుర్తించి, ఆ మంటల వల్ల ఎంత బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిందో ఏటేటా లెక్కగట్టడం అక్కడి పని. ఆ పనికి పెద్ద వసుంధర మేడం. కర్నూలు జిల్లా ఆత్మకూరు వైపు మనిషి, నల్లమల అంచున పెరిగింది. పెళ్లి చేసుకోలేదు, మదీనాగూడలో ఒక చిన్న వాటాలో అద్దెకుండేది. ముఖంలో నవ్వు కనిపించనీయకుండా ఎదుటివాళ్లను ఆటపట్టించడం ఆవిడకే చెల్లింది.

ఆ బొమ్మల్లో పచ్చదనాన్ని ఎరుపు రంగులో చూపిస్తారు కాబట్టి, స్క్రీన్ మీద అడవి ఎర్రగా, కాలిన నేల నల్లగా కనిపించేది. చేరిన కొత్తలో నేను ఉత్సాహంకొద్దీ నల్లగా ఉన్నవాటన్నిటికీ గీత చుట్టేశాను. మేడం వచ్చి నా వెనక నిలబడింది.

"ఇది పొద్దున తీసిన బొమ్మ గదా సునీతా. ఎండ యా దిక్కు నుంచి వస్తాంది?"

"తూర్పు దిక్కుకెళ్లి మేడం."

"మరి ఈ నలుపంతా కొండలకు పడమటి పక్కనే ఎందుకుండాది?"

నాకప్పుడు తట్టింది. "నీడలా మేడం?"

"కొండ నీడకు నిప్పు పెట్టినావు గదమ్మా! దాంట్లోంచి పొగ యాడ పుడతాది?"

గదిలో అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ మధ్యాహ్నం ఆవిడే తన గిన్నెలోంచి ఊరిబిండి పచ్చడి తీసి నా రొట్టె మీద వేసి, దగ్గర కూర్చుని పని చెప్పింది. కాలిన మేర ఎంత, అక్కడ ఆకులూ గడ్డీ కట్టెలూ ఎంత ఉండేవి, వాటిలో ఎంత బూడిదైంది, ఇవి తెలిస్తేనే గాలిలోకి ఎంత పోయిందో తెలుస్తుంది. మొదట గీసే గీత తప్పితే తర్వాత ఎంత గొప్పగా గుణించినా తప్పే. "నల్లమలలో మంట సినిమాలో మాదిరి ఎగిరి దుమకదు. ఎండుటాకు మీద పాకతాది. మోకాలెత్తు గూడా ఉండదు. అందుకే జనాలు దాన్ని లెక్కచేయరు" అంది. ఆ మాట అన్నాక తన రొట్టె పక్కన పెట్టేసింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు.

కొన్ని నెలలకు ఏ యేడు ఎంత కాలిందో రాసే పట్టిక దాదాపు పూర్తయింది. మధ్యలో ఒక యేడు బొమ్మలో నల్లమల మొత్తం పచ్చటి అడవికి ఉండాల్సిన ఎరుపుతో నిండుగా ఉంది. ఒక్క మచ్చ లేదు. నాకు సంతోషమేసింది.

"ఈ యేడు ఏం కాలలే మేడం. సున్నా వస్తున్నది."

అది ఏ యేడో ఆవిడ చూసింది. కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది.

"ఇది వానలు పడినాక తీసిన బొమ్మ సునీతా. గడ్డి మొలిచి మచ్చను కప్పేసింటాది." స్క్రీన్ వైపే చూస్తూ, "ఆ యేడు వేసవిలో మా తమ్ముడు మంటలార్పే కూలికి పోయినాడు. పచ్చి కొమ్మల్తో కొట్టి ఆర్పేది వాళ్లు. గాలి తిరిగింది. వెదురు పొదల మధ్య ఇరుక్కొని ఆ మంటల్లోనే పోయినాడు" అంది.

 నా కళ్లముందున్న ఆ నిండు ఎరుపు వైపు మళ్లీ చూడకుండా, పట్టికలో వేసిన సున్నాను చెరిపేశాను.

మేడం పట్టుబట్టి ఆ యేటి వేసవి బొమ్మ తెప్పించింది. అది వచ్చిన రోజు ఆవిడ భోజనానికి కూడా లేవలేదు. బొమ్మ తెరుచుకుంది. ఆత్మకూరు కొండల మీద సరిగ్గా ఆవిడ తమ్ముడు పోయిన మేరంతా తెల్లగా, దట్టంగా మబ్బు. ఆవిడ బొమ్మను పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, ఆ తెలుపులో వెతికింది. చివరికి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ ఏడవడం నేను చూసింది అదొక్కసారే.

నేను ఉండబట్టలేక అన్నాను. "కాలిందని మీకెర్కనే గద మేడం. అందాజ్‌గ ఏదో ఒకటి రాద్దాం. ఎవరడుగుతరు?"

"మా తమ్ముడు పోయినాడని నాకు తెలుసు. ఎంత అడివి కాలిందో నాకు తెలీదు. తెలియని దాన్ని సున్నా అని రాయను, ఇంత అని గూడా రాయను."

పట్టికలో ఆ యేటి గడి ఖాళీగా వదిలి, మబ్బు వల్ల కనిపించలేదని కింద రాసింది. మా డైరెక్టర్ గారికది నచ్చలేదు. ఆయన కాకినాడ మనిషి, మాట మెత్తన. "ఖాళీ పెడితే పని సగంలో వదిలేశామంటారండి. ముందు యేడూ వెనక యేడూ కలిపి సగటు వేసేయండి మేడం, అందరూ చేసేదే కదండీ" అన్నారు. చాలా రోజులు చెప్పి చూశారు. ఆవిడ వినలేదు. చివరికి తర్వాతి పని ఇంకొకరికి అప్పజెప్పి, మేడంను ఉద్యోగం మానుకోమన్నారు. ఆవిడ తన గిన్నె, కళ్లద్దాల పెట్టె సంచిలో వేసుకుని మెట్లు దిగింది. గేటు దాకా వెళ్లాను. "నీడలు చూసుకో" అని మాత్రం అంది.

నివేదిక అచ్చయి వచ్చాక ఒక ప్రతి తీసుకుని మదీనాగూడ వెళ్లాను. ఆ పట్టిక ఉన్న పేజీ నేను ముందే చూశాను. చూపించకుండా వెనక్కి పోదామనుకున్నాను గానీ ఆవిడ చెయ్యి చాచేసింది. పట్టిక దగ్గర వేలు ఆగింది. ఆ గడిలో సగటు ఉంది, మిగతా అంకెల్లో కలిసిపోయి. కింద రాసిన మాట లేదు.

"ఖాళీగానన్నా ఉండనియ్యలేదా?" అంది. ఎవరినడిగిందో తెలియదు. లేచి నాకు టీ పెట్టింది. ఇంటికి వస్తూ బస్సులో నేను బాగా ఏడ్చాను.

తర్వాత ఆవిడ ఒక స్కూల్లో లెక్కలు చెప్పింది. అప్పుడప్పుడూ వెళ్లేదాన్ని. ఒక వానాకాలం జ్వరమొచ్చి దవాఖానలో చేరి, తిరిగి రాలేదు. ఇప్పుడు నేనూ ఒక జట్టుకు పెద్దను. నా కింద పనిచేసే పిల్లలు తెలియని చోట అంకె నింపి తెస్తే వెనక్కి పంపిస్తాను. మొండిదాన్నని చాటున అనుకుంటారు, అనుకోనీ. చాలాసార్లు దానివల్ల నష్టపోయాను కూడా.

ఇదంతా రాస్తుంటే ఒకటి తెలిసింది. ఆవిడ తమ్ముడి పేరు నేనెన్నడూ అడగలేదు. ఎప్పుడూ "మా తమ్ముడు" అనే అనేది. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు. ఇక్కడ ఏదో ఒక పేరు పెడితే చదివేవాళ్లకు బాగుంటుంది, ఎవరూ అడగరు కూడా. పెట్టను. అతనికి ఒక పేరుండేది, అది నాకు తెలియదు.