తగరపు బొత్తాలు, సీసపు గుళ్లు

బొత్తాం అంటే ఏముంది, నాలుగు బొక్కలు, కాస్త దారం అనుకునేవాణ్ణి. నెపోలియన్ కాలపు సిపాయి కోటు కుట్టుకుందామని కూర్చున్నాక తెలిసింది, బొత్తానికి కూడా కులగోత్రాలుంటాయని. ఆ కాలపు బొత్తానికి బొక్కలుండవు. వెనక చిన్న కొంకి ఉంటుంది, ముందువైపు సిపాయి ఏ దళంవాడో ఆ నంబరు ఉంటుంది. మేం ఎంచుకున్న ఫ్రెంచి దళాలకి ఇత్తడివి పనికిరావు, తగరం లాంటి తెల్లవే కావాలి.

మేం అంటే ఇద్దరమే. నేను, మా మేనత్త కొడుకు. వరసకి బామ్మర్ది, వయసులో నాకంటే బాగా చిన్న. మాది బర్మాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. మేనత్త బర్మా ఆయన్ని చేసుకుని, మా ఊళ్లోనే తాకేటా పేటలో ఉండిపోయింది. వాడు పగోడాకి వెళ్తాడు, నేను మా పేట తామ్వే నుంచి తెలుగు బాప్టిస్టు చర్చికి. వాడికి తెలుగు వాళ్లమ్మ తిట్టినంత మేరకు వచ్చు. పై దేశాల్లో ఎదిగిన పెద్దవాళ్లు పాత సిపాయిల దుస్తులు వేసుకుని, మైదానంలో వరసలు కట్టి, ఉత్తుత్తి యుద్ధాలు చేసే వీడియోలు వాడే నాకు ఫోన్‌లో చూపించాడు. నాకా పెళ్లి లేదు, పిల్లల్లేరు. సేక్కాన్ రేవులో గోడౌను పని, ఇంటికొస్తే నాలుగు గోడలు. పిచ్చి పట్టడానికి అంతకంటే ఏం కావాలి?

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి వాడు బస్సు దిగి మా ఇంటి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. తిన్నాక కుర్చీలు పక్కకి జరిపి, చీపురు కర్రలు భుజాన వేసుకుని కవాతు చేసేవాళ్లం. వరసలో ఉన్న సిపాయి పక్కకి చూడకూడదు. మోచెయ్యి పక్కవాడి మోచేతికి తగులుతూ ఉండాలి, అంతే. పక్కన మనిషున్నాడని అలాగే తెలియాలి. మావాడు తగిలించడు, పొడుస్తాడు.

"ఎముకలిరగ్గొడతావేట్రా?"

"నువ్వే లైను తప్పీసినావు బావా," అని మళ్లీ పొడిచేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు, తిరిగి తోసేవాణ్ణి.

బొత్తాల కోసం బజారుకి నేనే వెళ్లాను. బర్మా మాటలో బొత్తాన్ని చే-తీ అంటారు. తగరం పేరు ఖే అనే మాటతో మొదలవుతుంది. మా ఇంటి నోళ్లకి ఒత్తులు పలకవు. భయాన్ని బయం చేసిన నోటితో నేను ఖే, చే కలగలిపి తగరపు చే-తీ అడిగితే, కొట్టు ముసలాయన చెవికి ఖే-తీ అని వినబడింది. బరువైన పొట్లం కట్టి ఇచ్చాడు. విప్పి చూసుకోవడం నామోషీ అనుకుని ఇంటికి తెచ్చాను. విప్పితే చేపల వలకి కట్టే సీసపు గుళ్లు. బర్మా మాటలో ఖే-తీ అంటే అవేనట. మావాడు నవ్వీ నవ్వీ నేల మీద కూలబడ్డాడు.

"చేపలకి కోటు కుడతావేటి బావా?"

ఆ గుళ్లు డబ్బాలో పడేశాను. తగరం కరిగించి మనమే పోసుకుందాం అనుకున్నాం. అక్కడ నంబరు దగ్గర పేచీ వచ్చింది. యుద్ధంలో పేరు మోసిన దళం నంబరు వెయ్యాలని నేను. తాకేటా నుంచి మా వీధికి వచ్చే బస్సు నంబరు వెయ్యాలని వాడు.

"ఆ నంబరు దళం నిజంగా ఉండీదా, లేదా?"

"ఉండేది."

"మరింకేటి?"

"సిపాయి గుండెల మీద బస్సు నంబరేంట్రా, నవ్విపోతారు," అన్నాను. ఎవరు నవ్వుతారో నాకే తెలీదు. మమ్మల్ని చూసేవాళ్లెవరు?

ఒక ఆదివారం మెట్ల మీద వాడు లేడు. ఈడొచ్చిన మగపిల్లల్ని సైన్యంలోకి పిలుస్తున్న రోజులు. మా చర్చిలో కూడా కుర్రాళ్ల బెంచీలు ఖాళీ అవుతున్నాయి. కొన్నాళ్లకి థాయ్‌లాండ్ నుంచి ఫోన్ చేశాడు.

"నాకు తుపాకీ అంటే బయ్యం బావా. చీపురు కర్రయితే పర్లేదు."

వానలు వెలిశాక వచ్చేస్తాడని నాకు నేనే చెప్పుకున్నాను. వచ్చేసరికి రెండు కోట్లూ సిద్ధంగా ఉండాలని పట్టుదల పుట్టింది. సున్నపుముద్దలో అచ్చు చేసి, అంకె అద్దంలో కనబడినట్టు తిరగేసి చెక్కాను. బొగ్గుల కుంపటి మీద తగరం కరిగించి పోశాను. ఏ నంబరు వెయ్యాలో ఈసారి ఆలోచించలేదు. బస్సు నంబరే వేశాను.

వాడు ఫోన్ చేసినప్పుడు ఒక బొత్తాం తెరకి దగ్గరగా పెట్టి చూపించాను. వాడు మొహం దగ్గరికి తెచ్చి అంకె చదివాడు.

"మన బస్సు," అన్నాడు. తర్వాత, "నా కోటు ఎవలికైనా ఇచ్చీ బావా. నాను ఇంక రాను. అమ్మని కూడా ఇక్కడికే తెచ్చీసుకుంటన్నాను."

"సరేలేరా," అన్నాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది, ఏడ్చాను. చూసేవాళ్లు లేకపోవడంలో ఆ ఒక్క సుఖం ఉంది.

ఎవరికిస్తాను ఆ కోటు? ఒకసారి బాల్కనీలో ఆరేస్తే ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నారు. ఈ ఊళ్లో సిపాయి కోటు చూసి ఎవరూ నవ్వరు. నా కోటుకీ, వాడి కోటుకీ బొత్తాలు కుట్టాను. వాడిది గదిలో దండేనికి తగిలించాను. కోటు చెయ్యి మాత్రం ఖాళీ కదా, ముడుచుకుని పైకి లేచిపోతోంది. డబ్బా తీసి, ఆ సీసపు గుళ్లు చేతి అంచు మడతలో వేసి కుట్టేశాను. తిన్నగా వేలాడింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, తిని, కుర్చీలు జరిపాను. నా కోటు తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకుని, దండెం పక్కన నిలబడ్డాను. అటు చూడకుండా మోచేత్తో ఒక్క పొడుపు పొడిచాను. ఆ చెయ్యి మెత్తగా పక్కకి పోయింది. సీసం బరువు కదా, ఊగి వెనక్కి వచ్చి నా మోచేతికి తగిలింది. వాడంత గట్టిగా కాదు. నేను మళ్లీ తోశాను.