భంగు చూపించిన చాట

దేవుణ్ణి చూడాలని భంగు తాగాను. దాచుకోవడం ఎందుకు? మూడేళ్లు పొద్దున్నే ధ్యానంలో కూర్చున్నా నాకు దక్కింది మోకాళ్ల నొప్పులే.

అసలు గొడవ దేవుడితో కాదు, అమ్మతో. నిజామాబాద్‌లో మా ఇంటి ముందర బీడీలు చేసి చేసి ఆమె మమ్మల్ని చదివించింది. నాకు బడిలో పంతులు నౌకరీ వచ్చాక, ఆమె దగ్గు చూడలేక, ఒకరోజు ఆకూ తంబాకూ ఉన్న చాటను ఎత్తి మురుగు మోరీలో పారేశాను. ఆమె పల్లెత్తు మాట అనలేదు. ఏడాది తిరక్కుండానే పోయింది. నన్ను క్షమించిందో లేదో ఎవరినడగాలి?

మొన్న హోలీ పొద్దున ఎడపల్లిలో మేనమామ ఇంటికి పోయాను. మా వీధిలోనే ఉండే అక్క కూడా వచ్చింది. మామ ఏటా శివుడి పటం ముందు భంగు నూరి, పాలలో కలిపి, తలా ఒక చిన్న గ్లాసు ఇస్తాడు. నాకిస్తూ ఒక్కటే చెప్పాడు.

"దీంట్ల దేవుడుండడు అల్లుడా. నీ లోపల ఏముంటె గదే మీదికొస్తది."

గంటసేపు ఏమీ కాలేదు. మామను మనసులో తిట్టుకున్నాను. ఆ తర్వాత పక్కన చెరుకు తోట చప్పుడు అమ్మ బీడీ ఆకు కోసే కత్తెర చప్పుడైంది. నా ఒళ్లో అమ్మ చాట ఉంది. వేళ్లు వాటంతట అవే ఆకు పరిచి, తంబాకు పోసి, చుట్టి, దారం కడుతున్నాయి. బీడీలు ఎంత చక్కగా వస్తున్నాయో! అప్పుడు గుర్తొచ్చింది. చాట పారేసిన రోజు మా బడి సార్లు ఇంటికి రావాల్సి ఉంది. దగ్గు ఒక సాకు. తంబాకు వాసనకు సిగ్గుపడ్డాను. ఛీ, నా బతుకు! చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మామ కదలకుండా పక్కనే కూర్చున్నాడు.

మత్తు దిగాక అక్కకు అంతా చెప్పాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఆ చాటను నేనే కడిగి తెచ్చుకున్న. నువ్వు బడికి పోంగనె అమ్మ మా ఇంట్ల కూసొని చేసేది. 'వానికి నామోషి అయితది, వాని ముంగట వద్దు బిడ్డా' అనేది."

అమ్మకు అన్నీ తెలుసు. భంగును వట్టి మత్తని కొట్టిపారేసేవాళ్లతో నేను వాదించను. నా తప్పు నాకు చూపించింది అదే. అమ్మ మాట మాత్రం అక్కే చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున అక్క ఇంట్లో ఆ చాట ఒళ్లో పెట్టుకున్నాను. ఎంత తంటాలు పడ్డా ఒక్క బీడీ కుదరలేదు. ఆకులు చిరిగి తంబాకంతా ప్యాంటు మీద పడింది. ఆ ప్యాంటుతోనే బడికి పోయాను.