పెరటి వసారాలో పళ్ళ డాక్టరు

చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపల పెట్టుకుని, పెదాలు బిగించి పొగ పీల్చడాన్ని మా శ్రీకాకుళం వైపు అడ్డపొగ అంటారు. అలా కాల్చేది ఎక్కువగా ఆడవాళ్ళే. వంశధార గట్టున నాట్లు వేసేటప్పుడు గాలికీ చినుకుకీ చుట్ట ఆరిపోకూడదంటే నిప్పు లోపల ఉండటమే మంచిదని వాళ్ళ మాట. చేతులు రెండూ మడిలో ఉంటాయి, చుట్ట తన పాటికి తాను కాలుతూ ఉంటుంది.

మా పిన్నిది కూడా అదే అలవాటు. హైస్కూలు చదువంతా నేను ఆవిడ ఇంట్లోనే ఉండి, ఆవిడ చేతి అన్నం తిని చదువుకున్నాను. భోజనాలయ్యాక పెరటి వసారాలో చుట్టుపక్కల ఆడవాళ్ళతో కూర్చుని ఆవిడ చుట్ట ముట్టించేది. ఆ వాసన ముక్కుకు తగిలితేనే నాకు మధ్యాహ్నం అయినట్టు ఉండేది.

నేను పత్రికలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాక, ఒకరోజు పళ్ళ కాలేజీ నుంచి ఒక డాక్టరమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. శ్రీముఖలింగం చుట్టుపక్కల ఊళ్ళలో నోటి పరీక్షల కార్యక్రమం ఒకటి మొదలుపెడుతున్నారు. ఏ ఊరికి ఏ వేళకు వెళ్ళాలి, ఎవరిని కలవాలి, ఇవన్నీ తెలిసిన మనిషి కావాలంది. ఆవిడది కృష్ణా జిల్లా. మా మాట సగమే అర్థమవుతోందని నవ్వుతూ ఒప్పుకుంది. అడ్డపొగ వేసేవాళ్ళకి వేడి నేరుగా అంగిలికి తగులుతుందనీ, అక్కడ మచ్చలు, పుళ్ళు పుట్టి కొందరికి క్యాన్సరుగా మారతాయనీ, ముందే చూసి పట్టుకోవచ్చనీ చెప్పింది.

నేను వెంటనే ఒప్పుకున్నాను. ఊరి మీద ప్రేమ ఒక్కటే కాదు దానికి కారణం. కొన్ని నెలలుగా పిన్ని కూరలో కారం తగలగానే కంచం పక్కకు జరుపుతోంది. చల్లారిన గంజి, మజ్జిగన్నంతో సరిపెడుతోంది. ఏమైందని అడిగితే, "నాకేటైనాది? నీకే పని నేక నా కంచంలోకి సూస్తన్నావు" అనేది. ఆ నోట్లో ఏదో ఉందని నాకు అనుమానం. డాక్టరు దగ్గరకు రమ్మంటే రాదు. డాక్టరే ఊళ్ళోకి వస్తే కాదనలేదు కదా అనుకున్నాను.

మొదటి శిబిరం పిన్ని వాళ్ళ ఊళ్ళోనే పెట్టించాను. బడి వరండాలో షామియానా వేశారు. ముందురోజు ఆటోలో మైకు తిరిగింది. సర్పంచిగారు కొబ్బరికాయ కొట్టారు. బ్రష్షులు, పేస్టులు పంచుతారని తెలిసి పిల్లలూ మగవాళ్ళూ బారులు తీరారు. ఏ సభకు వెళ్ళినా ముందు ఖాళీ కుర్చీలు చూడటం నాకు ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఆరోజు ఆడవాళ్ళ కోసం వేసిన కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒకరిద్దరు వచ్చారు గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మనవల పళ్ళు చూపించుకుని వెళ్ళిపోయారు.

పిన్ని అసలు రాలేదు. సాయంత్రం వెళ్ళి అడిగాను.

"ఒరే, నీకు సదువుందా నేదా? ఆ బడి ఎదురుగుండా ఎవులు కూకున్నారు? మా అల్లుడు కూకున్నాడు. మా బావగారు కూకున్నారు. ఆలందరి ముందూ నాను నోరు ఆవులించుకుని కుర్సీలో పడుకోవాలా?"

"డాక్టరమ్మ చూస్తుంది గానీ వాళ్ళు చూస్తారా పిన్నీ?"

"సూడరేటి? ఆ ఎండలో, లైటేసి మరీ సూపిస్తన్నారు కదా ఊరందరికీ!"

అల్లుడి ఎదుట కొంగు తీసి గట్టిగా నవ్వని మనిషి ఆవిడ. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా వీధి వైపు తెరిచి ఉన్న వరండాలో, అల్లుళ్ళూ బావగార్లూ కాలక్షేపానికి వచ్చి కూర్చునే చోట, అత్తల నోళ్ళు తెరిపిద్దామని మేమందరం కూర్చుని పథకం వేశాం.

డాక్టరమ్మకు ఈ మాట చెబితే చిన్నబుచ్చుకోలేదు. వేసుకున్న పథకం పక్కన పెట్టి, "అయితే ఆ ఊరికే మళ్ళీ వెళ్దాం. ఈసారి శిబిరం వద్దు. ఊరికే మాట్లాడి వద్దాం" అంది. భోజనం పిన్ని ఇంట్లో ఏర్పాటు చేశాను. ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టనని పిన్ని అనదు.

అన్నాలయ్యాయి. ఎప్పటిలాగే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే పెరటి వసారాలోకి చేరారు. డాక్టరమ్మను చూసి కొంచెం జంకారు. ఆవిడ చాప మీద వాళ్ళ మధ్యనే కూర్చుంది. నేను వంటింటి గుమ్మంలో ఒక పీట లాక్కుని కూర్చున్నాను.

"ఏటమ్మా, మా సుట్టలు లాక్కుపోడానికొచ్చినావా?" అంది పక్కింటావిడ. వరసకు పిన్నికి వదిన. వయసులో ఉన్నప్పటి నుంచీ ఇద్దరూ కలిసి కాల్చినవాళ్ళు.

"లాక్కుంటే ఇస్తారా?" అంది డాక్టరమ్మ.

"సెయ్యి కొరికీస్తాం."

అందరూ నవ్వారు. పిన్ని చుట్ట వెలిగించి, నాలుగు దమ్ములు మామూలుగా లాగి, నిప్పు కొసను నోట్లోకి తిప్పుకుంది. డాక్టరమ్మ దగ్గరకు జరిగి కళ్ళార్పకుండా చూసింది.

"మామ్మగారూ, నిప్పు నాలిక్కి తగలదా?"

పిన్ని చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. "తగలనిస్తే కదా. సుట్టని పంటితో ఒడిసి పట్టాల. నాలిక కిందకి దిగ్గొట్టాల. పొగ పీల్సినప్పుడు బుగ్గలు లోపలికి లాగకూడదు."

"మరి బూడిద?"

"అది కూడా నేర్సుకుంటావేటి? కూకో, రేపట్నుంచి నీకూ ఒకటి సుట్టిస్తాను. మీ ఆయన ఒగ్గేసి పారిపోతాడు."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లోనే డాక్టరమ్మ అడిగింది. "నాలుక సరే, పైన అంగిలి కాలదా?"

"ఏటి కాల్తాది? ఇన్నేళ్ళ నుంచి కాలుస్తన్నాను, పెదం మీద ఒక బొబ్బ సూపించు నాకు. నమ్మవా? ఇదిగో సూడు." అంతలో నేను గుర్తొచ్చాను. "ఒరే, నువ్వటు తిరగరా!"

నేను వంటింటి గోడ వైపు తిరిగాను. జీవితమంతా చూసి రాయడమే పనిగా బతికినవాణ్ణి, నాకు అన్నింటికంటే ముఖ్యమైన ఆ నిమిషాన్ని చెవులతోనే విన్నాను. ఫోను లైటు వేస్తున్నానని డాక్టరమ్మ చెప్పడం. "ఇంకొంచెం పైకి, మామ్మగారూ" అన్న మాట. పెరట్లో కోడి ఒకటి గింజల కోసం నేల గీరుతున్న చప్పుడు.

"ఇక్కడ తెల్లగా మచ్చ ఉంది. పక్కన ఎర్రగా పుండులా ఉంది. నొప్పిగా ఉంటోందా?" డాక్టరమ్మ గొంతు ఏమీ మారలేదు.

ఈసారి పిన్ని గొంతులో వెక్కిరింత లేదు. "ఉంటన్నాది. సానాళ్ళయినాది. ఎవులికీ సెప్పనేదు."

"ఇప్పుడు చెప్పారు కదా, మంచి పని చేశారు" అంది డాక్టరమ్మ.

"ఏదీ, నాదీ సూడు తల్లీ" అంటూ వదినగారు జరిగి కూర్చుంది. ఆమె వెనక ఇంకొకరు. బడి వరండాలో మైకు పెట్టి రోజంతా పిలిచినా తెరుచుకోని నోళ్ళు అక్కడ వరసగా తెరుచుకుంటుంటే, నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నాకు కళ్ళు చెమర్చాయి. ఎవరూ చూడలేదు.

తిరిగి వస్తూ డాక్టరమ్మను అడిగాను, నోరు తెరిపించడానికే ఆ ప్రశ్నలన్నీ వేశారా అని. "లేదండీ. నాకు నిజంగానే తెలీదు, తెలుసుకుందామని అడిగాను. పుస్తకంలో బొమ్మ చూడటమే గానీ, మనిషి కాలుస్తుంటే దగ్గర కూర్చుని చూడలేదు" అంది. ఆ మాటకు ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ తర్వాత అన్ని ఊళ్ళకీ పథకం మారింది. ఆడవాళ్ళకు పరీక్షలు మధ్యాహ్నం భోజనాల తర్వాత, ఎవరో ఒకరి పెరట్లో. లోపలికి ఆడ డాక్టర్లే వెళ్ళాలి. అదే సమయంలో వీధి అరుగు మీద మగ డాక్టరు ఒకాయన మగవాళ్ళను కూర్చోబెట్టి బీడీలు, ఖైనీ గురించి చెబుతూ బ్రష్షులు పంచాలి. అల్లుళ్ళను అరుగు మీద కదలకుండా ఉంచడానికి బ్రష్షులకు మించిన ఉపాయం లేదని డాక్టరమ్మ తేల్చింది.

పిన్నిని మాత్రం శ్రీకాకుళం తీసుకెళ్ళి, మచ్చ దగ్గర చిన్న ముక్క తీయించి పరీక్షకు పంపాలి. తీసుకెళ్ళాను. జవాబు వచ్చేదాకా ఆవిడ భయం బయటపెట్టలేదు. కానీ ఒకరోజు గేదెకు గడ్డి వేస్తూ వేస్తూ అంది: "నాను పోతే గేదెని సంతకి తోలీకండి. వదినకిచ్చీండి. అది తిడితే గానీ పాలివ్వదు, వదినకి తిట్టడం వచ్చు."

"అలాగే" అన్నాను.

"అలగే అంటాడేట్రా యీడు! ఏటీ అవదు పిన్నీ అనాల గానీ."

చివరికి జవాబు వచ్చింది. క్యాన్సరు కాదు. అలాగే వదిలేస్తే కావచ్చు. చుట్ట పూర్తిగా మానాలి, కొన్ని నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. డాక్టరమ్మ పిన్ని చేయి పట్టుకుని, తొందరపడకుండా రెండుసార్లు చెప్పింది. పిన్ని అంతా విని, "అయితే ఆకరి సుట్ట పొద్దున్నే కాల్సీసినానన్నమాట. ముందు తెలిస్తే నెమ్మదిగా కాల్సుదును" అంది.

మానడం అంత తేలిక కాలేదు. చుట్ట ఒక్కటే అయితే మానేసేదేమో, దాని చుట్టూ ఉన్న ఆ మధ్యాహ్నపు మనుషులను కూడా మానుకోవాలని ఆవిడ బాధ. మొదటి వారం వసారాలోకే రాకుండా తలుపు వేసుకుని పడుకుంది. ఆ తలుపు తీయించింది డాక్టరమ్మా కాదు, నేనూ కాదు. పెరటి తలుపు బాది, "ఒసే, బతికే ఉన్నావా? వచ్చి కూకో, మేం ఇక్కడ ముట్టించం" అని కేకేసింది వదినగారు. ఆవిడ తను మాత్రం మానలేదు. ఆవిడ నోట్లో మచ్చ లేదని డాక్టరమ్మ చెప్పినది ఒక్కటే గుర్తు పెట్టుకుంది, మానమన్నది వినలేదు. కానీ మాట తప్పలేదు. ఆ వసారాలో ఇప్పుడు ఎవరూ చుట్ట వెలిగించరు.

మొన్న నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం అయింది. గోడ అవతల వదినగారు తన కుళాయి దగ్గర వంగి, నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలిస్తోంది. పుక్కిలించి, కొంగుతో మూతి తుడుచుకుని, ఇటు వచ్చి పిన్ని పక్కన కూర్చుంది. పిన్ని ముక్కు ఎగబీల్చింది.

"ఇంకా కంపు కొడతన్నావే. ఇంకోసారి పుక్కిలించి రా."

వదినగారు తిట్టుకుంటూనే లేచి మళ్ళీ కుళాయి దగ్గరకు వెళ్ళింది.