లారెన్షియం తర్వాతి పేరు

చేవెళ్ల బడిలో మా కెమిస్ట్రీ సారు, శాస్త్రవేత్తల పేర్లు పెట్టిన మూలకాలను హాజరు పిలిచినట్టే చదివేవారు. "క్యూరియం, ఐన్‌స్టీనియం, ఫెర్మియం..." ఒక్కో పేరు దగ్గరా ఆగి వెనక బెంచీల వైపు చూసేవారు. మేం నవ్వితే, "పోయినోళ్లు బిడ్డా, పిలిస్తెనే ఉంటరు" అనేవారు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల బడి మూతపడింది. మా క్లాసులో సురంగల్ ఊరి నుంచి వచ్చే పిల్లవాడు ఊరేగింపుకని పట్నం వెళ్లి అప్పటికింకా తిరిగి రాలేదు. మరిచిపోయిన పుస్తకం కోసం నేను బడికి వెళ్తే, ఖాళీ గదిలో సారు ఒక్కరే ఆ మూలకాల హాజరు పిలుస్తున్నారు. చార్టులో చివరిదైన లారెన్షియం దగ్గర ఆగారు. తర్వాత సురంగల్ వాడి పేరు పిలిచారు.

"సార్, వాడు పట్నంల ఉన్నడు గద" అన్నాను.

"ఇప్పుడే పలికిండు బిడ్డా" అంటూ రిజిస్టర్ మూశారు.

వాడు పోయాడన్న కబురు మాకు మర్నాడు అందింది.