చూడకుండా పెట్టిన టిక్కు

మూడే మూడు మాటలు. పద్దెనిమిదేళ్లుగా మోస్తున్నాను. మోకాళ్ల నొప్పికి మందు దొరికింది కానీ ఈ బరువుకు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. రైల్లో పక్క సీటువాళ్లకు ఇంటి గుట్టంతా చెప్పేసి మన స్టేషన్‌లో మనం దిగిపోతామే, అలా అనుకుని వినండి.

నేను నర్సును. పుట్టింది నర్సాపురం దగ్గర. అబూదాబీ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు పనిచేశాను. మావారు ముసఫ్ఫాలో ఓడల ఇంజన్లు బాగుచేసే షెడ్డులో ఫోర్‌మన్. ఇద్దరం ఇంచుమించు ఒకేసారి రిటైరయ్యాం. ఆ వయసుకి అందరూ పెట్టెలకు తాళ్లు కట్టుకుని ఇండియా విమానం ఎక్కుతారు. ఈయన మాత్రం ఒక పాత తెరచాప పడవ కొన్నారు. ఇన్నాళ్లూ పరాయివాళ్ల ఓడలు బాగుచేశాను, వీసా ఉన్న ఈ నాలుగు నెలలైనా నా దాంట్లో నేను తిరగాలి, దీవులన్నీ నీకు చూపించాలి అన్నారు. పొద్దస్తమానం దాన్ని కడగడం, తుడవడం, రంగులు వేయడం, చీకటి పడ్డాక నా దగ్గరికొచ్చి ఉప్మా పెట్టమనడం. ఆ పడవను నా సవతి అని పిలిచేదాన్ని. ఆయన మురిసిపోయేవారు.

2006 శీతాకాలంలో బయలుదేరాం. కోస్ట్‌గార్డ్ ఇచ్చిన కాగితంలో ఏ దీవుల పేర్లున్నాయో అక్కడే ఆగాలి. పడమరగా, మెల్లగా, దల్మా దీవి దాకా వెళ్లి రావాలని మా ఉద్దేశం. ఆ తర్వాత రెండో విడతగా తూర్పున ముసందం కొండల వైపు.

ఆ తొమ్మిది రోజుల గురించి చెప్పకుండా తప్పు గురించి చెబితే అబద్ధమే అవుతుంది. దేవుడు నాకు చాలా ఇచ్చాడు గానీ అలాంటి రోజులు మళ్లీ ఇవ్వలేదు. నాకు నైట్ డ్యూటీ అయితే ఆయనకు డే. ఆయన ఇంటికొచ్చేసరికి నేను బస్సెక్కేదాన్ని. ముప్పై ఏళ్ల కాపురంలో మూడు పూటలూ ఎదురెదురుగా కూర్చుని తిన్నది ఆ పడవలోనే. చెట్టూ చేమా లేని ఇసుక దిబ్బ మీద చాప పరుచుకుని, ఆయన పట్టిన షేరీ చేపకు నేను పులుసు పెడితే, చింతపండు తక్కువైందని వంక పెట్టి మూడుసార్లు వడ్డించుకున్నారు. వార్డుల్లో నిలబడి నిలబడి నరాలు ఉబ్బిన నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిసికేవారు. ఒకరోజు పడవ పక్కన తాబేలు తలెత్తి చూసింది. సిగ్గుతో కాళ్లు లాక్కున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎంత అదృష్టవంతురాలినో కదా నేను? మరి ఆ అదృష్టాన్ని నేనేం చేశాను?

పడవ కదిలే ముందు చూసుకోవలసిన పనుల జాబితా ఒకటి ఉండేది. అది మా ఆసుపత్రి పద్ధతే. డ్యూటీ మారేటప్పుడు ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు తిరిగి చెప్పాలి, కంటితో చూశాకే టిక్కు పెట్టాలి. రోగికి మందు వేయకముందే టిక్కు పెట్టిన అమ్మాయిలను నేను ఏడిపించి వదిలేదాన్ని. వెనకాల నన్ను టిక్కు సిస్టర్ అనేవారని నాకు తెలుసు, అది బిరుదుగానే పుచ్చుకున్నాను. ఆ పద్ధతి ఆయనకు తెగ నచ్చింది. నీలం అట్ట పుస్తకంలో పదకొండు పనులు రాసి పుస్తకం నా చేతికిచ్చారు. మా సిస్టర్ గారు టిక్కు పెట్టారంటే ఇంక చూసుకోనక్కర్లేదని జెట్టీలో కనబడినవాళ్లందరికీ చెప్పేవారు.

అందులో ఏడోది వాల్వు. ఇంజన్‌ను చల్లబరచడానికి సముద్రపు నీరు దాని గుండా లోపలికి వస్తుంది. లంగరు వేసినప్పుడు మూస్తారు, ఇంజన్ వేసేముందు తెరుస్తారు. అది పడవ లోపలి గదిలో నేల చెక్క కింద ఉండేది. మోకాళ్ల మీద వంగితే తప్ప అందదు.

పదో రోజు పొద్దున్న ఆయన మోకాలు వాచింది. సిస్టర్ గారూ, ఇయ్యాల వాల్వు డ్యూటీ మీదేనండి అన్నారు నవ్వుతూ. అలాగేనండి అన్నాను. పుస్తకం ఒళ్లోనే ఉంది. టిక్కు పెట్టేశాను. రెండు నిమిషాల్లో తీసేదాన్నేగా అనుకున్నాను. అంతలో స్టవ్ మీద పాలు పొంగాయి. పరుగెత్తాను. తుడిచాను, టీ పెట్టాను, గ్లాసు తీసుకెళ్లి ఆయనకిచ్చాను. వాల్వు సంగతి నా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది. ఎలా గుర్తుంటుంది? పుస్తకంలో ఆ పని అయిపోయింది కదా.

గాలి బాగుండడంతో ఇంజన్ వేయకుండా తెరచాపతోనే బయలుదేరాం. దల్మా కనబడుతుండగా గాలి పడిపోయింది. తెరచాప దించి ఇంజన్ వేశారు. కాసేపటికే కాలిన వాసన, గదినిండా పొగ. ఇంజన్ పట్టేసింది. నీటి పోటు మమ్మల్ని రాళ్ల వైపు లాక్కుపోయింది. లంగరు వేస్తే నిలవలేదు. పడవ అడుగు రాతికి కొట్టుకుంది. మళ్లీ కొట్టుకుంది. చుక్కాని విరిగిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది. ఆయన నా నడుముకు తాడు కట్టి, ఆ కొస తన చేతికి చుట్టుకున్నారు. తనకు కట్టుకోలేదు.

చేపల లాంచీ ఒకటి మమ్మల్ని చూసింది. అందులో తెల్లగడ్డం ముసలాయన, దల్మావాడే, తాడు విసిరి, "యల్లా, యల్లా! మాఫీ ముష్కిల్, మామా!" అని నాకు ధైర్యం చెప్పాడు. తొందరగా పట్టుకో, ఏం కాదమ్మా అని. ఆ ముసలాయనకు ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. ప్రార్థనలో ఆయన్ను తలుచుకోని రోజు లేదు.

లాంచీ మమ్మల్ని లాక్కెళుతుండగా మావారు నొప్పి మోకాలి మీదే వంగి నేల చెక్క ఎత్తారు. వాల్వు మూసే ఉంది. తర్వాత పుస్తకం తీసి చూశారు.

"వాల్వు తియ్యమని నీతో చెప్పేనా? చెప్పేననే గుర్తు నాకు."

"లేదండి. మీరే తీశానన్నారు."

అంతే. ఆ మూడు మాటలే.

చూశాకే కదా టిక్కు పెట్టాలి, నువ్వు చూశావా అని ఆయన అడగలేదు. అడిగి ఉంటే అక్కడే కూలిపోయేదాన్ని. ఆయన నా ముఖంలోకి చూసి, "అయ్యుంటదిలే. ముసలోణ్ణయిపోయేను. నిన్ను చంపేసేవోణ్ణే" అన్నారు. పెద్ద పెద్ద ఓడల ఇంజన్లను చెవితో విని జబ్బు చెప్పిన మనిషి. ఆయన కళ్లలో నీళ్లు చూడడం నాకదే మొదటిసారి.

ఎందుకన్నాను? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగానో. భయమా? ఆయన నన్నేమీ అనరు, పాలు పొంగించి పడవ ముంచిందని నాలుగు రోజులు ఆట పట్టిస్తారు, అంతే. అదే నాకు గిట్టలేదేమో. తప్పు చేయని సిస్టర్‌ను నేను. ముప్పై ఏళ్లు ఎంతమంది అమ్మాయిల కన్నీళ్ల మీద కట్టుకున్న పేరు! దాన్ని దక్కించుకోవడానికి ఆయన పేరు తీసుకెళ్లి సముద్రంలో పడేశాను.

ఆ ముసలాయన ఇంట్లో మూడు రోజులున్నాం. వాళ్లావిడ గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఉడికించిన హరీస్ పెద్ద పళ్లెంలో పెట్టి, నా చెయ్యి పట్టుకుని తినిపించింది. అక్కడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

అబూదాబీ తిరిగొచ్చాక శుక్రవారం తెలుగు ఆరాధనలో సాక్ష్యాల వేళ మావారు లేచి నిలబడ్డారు. నా మతిమరుపు వల్ల నా భార్య ప్రాణం మీదికి తెచ్చాను, ప్రభువు కాపాడాడు, నన్ను ఒక్క మాట కూడా అనని భార్యనిచ్చినందుకు స్తోత్రం అన్నారు. హాలంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. అవును, నా నోటితోనే.

తర్వాత కారు తాళాలు నాకిచ్చేశారు. చుక్కాని బాగుచేయించి పడవ అమ్మేశారు. ముసందం మాట మళ్లీ ఎత్తలేదు. జేబునిండా చీటీలు. గ్యాస్ కట్టేనా, తలుపేసేనా అని రోజుకు పదిసార్లు నన్నడగడం. ఇండియా వచ్చాక డాక్టరు పరీక్షలు చేసి, మీ జ్ఞాపకశక్తి నాకంటే బాగుందండీ అన్నాడు. ఆయన డాక్టరు మాట నమ్మలేదు. నా మాట నమ్మారు. నువ్వుండబట్టి సరిపోయింది అని ప్రతి రాత్రీ పడుకునే ముందు అనేవారు. ఆ కృతజ్ఞత నాది కాదు, అయినా పద్నాలుగేళ్లు తీసుకున్నాను. చివరిదాకా చెబుదాం చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. గుండె ఆగి వెళ్లిపోయారు. నాలుగేళ్లయింది.

నీలం అట్ట పుస్తకం నా దగ్గరే ఉంది. వార్డులో తప్పు రాస్తే చెరపకూడదు. కింది అక్షరం కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన తప్పు అని రాసి సంతకం చెయ్యాలి. ఈ పొద్దున్న ఏడో గడిలో ఆ టిక్కు మీద గీత కొట్టాను. సంతకం చేశాను. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడింది. ఆయన క్షమించేవారా? తెలియదు. ఆ మాట ఆయన తరఫున నేను చెప్పుకోకూడదు.

ఒకవేళ ఆ శుక్రవారం ఆ హాల్లో మీరూ కూర్చుని ఉంటే, మీరూ ఆమెన్ అని ఉంటే, ఈ ఒక్కటి తెలుసుకోండి. మావారు ఏదీ మరిచిపోలేదు. వాల్వు తియ్యమని నాకు చెప్పారు. అలాగేనండి అన్నాను.