తాళం వేసిన ఫోను

మొన్న పొద్దున మా ఇంటి గోడకు బిగించిన ఇంటర్నెట్ డబ్బా మీద మళ్ళీ ఎర్ర దీపం వెలిగింది. మామూలుగా అక్కడ నాలుగు పచ్చ దీపాలు ఉంటాయి, వాటిలో మూడోది ఎర్రబడితే ఇల్లంతా ఆగిపోయినట్టేనని ఈమధ్యనే నాకు తెలిసివచ్చింది. మా కోడలు హైదరాబాదు ఆఫీసు పనిని కరీంనగరులో మా ఇంటి వెనక గదిలో కూర్చుని చేస్తుంది కాబట్టి, ఆ దీపం రంగు మారగానే ఆమె ముఖం రంగు కూడా మారుతుంది. ఫిర్యాదు నంబరుకు ఫోను చేస్తే తెలుగు కోసం ఒకటి నొక్కమన్నారు, ఇంటర్నెట్ కోసం రెండు నొక్కమన్నారు, మనిషితో మాట్లాడాలంటే తొమ్మిది నొక్కమన్నారు, తొమ్మిది నొక్కితే పాట వేశారు. చివరికి దొరికిన మనిషి పదకొండు లోపల వస్తానన్నాడు. పదకొండుకు అడిగితే దారిలో ఉన్నానన్నాడు, రెండు గంటలకూ అదే దారిలో ఉన్నాడు. అతను ఎప్పుడు వచ్చి తలుపు తడతాడో తెలియక, నేను కూరగాయలకు కూడా కదలలేక, గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

నా ఈడు వాళ్ళకు విడమరచి చెప్పనక్కర్లేదు గాని, ఇలా ఒక తీగకు కట్టుబడి ఇంట్లో కూర్చోవడం నాకు కొత్త కాదు. నెట్ పోయిందని ఇప్పటివాళ్ళు విసుక్కుంటుంటే నాకు మెట్‌పల్లిలో మా అత్తగారి నడిమింట్లో, చెక్క స్టూలు మీద, అల్లిక గుడ్డ కప్పుకుని ఉండే నల్ల ఫోను గుర్తుకొస్తుంది. అది పలికే రోజులు ఎన్నో పలకని రోజులూ అన్నే ఉండేవి. పలికినా పలకకున్నా నన్ను మాత్రం కదలనిచ్చేది కాదు.

మా పుట్టిల్లు చెన్నూరు. ఏడో తరగతితో చదువు ఆగిపోయింది గాని, లెక్క మాత్రం నాకు ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది. అంగట్లో మా బాపు బస్తాలు తూకం వేయిస్తుంటే, వ్యాపారి కాగితం తీసేలోపల నేను మొత్తం చెప్పేసేదాన్ని. అంకెలు నాకు మనుషుల్లా కనబడేవి, ఒక్కోదానికి ఒక్కో గుణం ఉండేది. ఆ గుణం చూసే మా మామ, పసుపు పంట ఉన్న ఇంటికి లెక్క తెలిసిన కోడలు కావాలని నన్ను కొడుక్కు చేసుకుపోయాడు. పెళ్ళయిన నాలుగో నెలలో మా ఆయన మస్కట్ వెళ్ళిపోయాడు. కొడుకు గొంతు వినాలని మామ, ఎన్నో ఏళ్ళ కిందట పెట్టిన దరఖాస్తు వెంట తిరిగి వెంటనే ఆ ఫోను పెట్టించాడు.

మా గల్లీలో అదొక్కటే ఫోను. ఆ రోజుల్లో పక్కింటివాళ్ళ నంబరు రాసి చివర పి.పి. అని పెట్టుకునేవారు, మీకు గుర్తుండే ఉంటుంది. అలా మా నంబరు పది పన్నెండు ఇళ్ళ నంబరు అయింది. గల్ఫులో శుక్రవారం సెలవు గనుక ఆ రోజు పొద్దున్నుంచే మా అరుగు మీద ఆడవాళ్ళు పిల్లలతో, బీడీలు చుట్టుకునే చేటలతో వచ్చి కూర్చునేవారు. వాన పడితే ఆ తీగలోనుంచి నూనెలో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. ఆ చిటపటలోనుంచి మాటలు ఏరడం అలవాటు పడ్డది నాకొక్కదానికే. ఎవరి భర్త ఏమన్నాడో నేను విని చెప్పాలి, వీళ్ళు చెప్పింది నేను అరిచి అప్పగించాలి. మా అత్త అయితే కొడుకు ఫోను వచ్చినప్పుడు రిసీవరు చెవికి ఆనించుకుని, వాడు తల్లిని పిలిచే అవ్వా అన్న ఆ ఒక్క మాట వినేసి, మిగతాది నాకు అర్థం కాదంటూ నా చేతికిచ్చేది. ఇచ్చి, నా పక్కనే నిలబడి నా ముఖం చూస్తూ ఉండేది.

మామ ఫోనుకు తాళం వేశాడు. డయలు రంధ్రంలో పెట్టే చిన్న తాళం, దాని చెవి ఆయన మొలతాడుకు ఉండేది. ఫోను రావడానికి అడ్డం లేదు, ఇక్కడినుంచి చేయడానికే ఆయన కావాలి. గల్లీవాళ్ళు మొహమాట పెట్టి చేసుకుంటారని ఆయన భయం, నన్ను బంధించాలని కాదు. కాని తాళానికి ఆ తేడా తెలియదు కదా. శుక్రవారం నేను లేకపోతే గల్లీ మూగబోతుంది కాబట్టి పుట్టింటికి పంపరు, తాళం ఉంది కాబట్టి పుట్టింటితో మాట్లాడలేను. మొదటి బతుకమ్మకు మా అన్న తీసుకుపోవడానికి వచ్చినప్పుడు మామ మర్యాదగానే కూర్చోబెట్టి, చాయ తాగించి, ఒకే ఒక్క మాట అడిగాడు.

“తీస్కపో అల్లుడా, నేనొద్దంటనా? గని శుక్రారం ఫోనెవలు ఎత్తుతరు?”

అన్న చాయ గ్లాసు కింద పెట్టి లేచాడు. తెచ్చిన గాజులు నా చేతిలో పెట్టి బస్సెక్కాడు.

ఆ తరువాత కొన్నాళ్ళకు ఫోను చచ్చిపోతే బాగు చేయడానికి లైన్‌మన్ వచ్చాడు. పరీక్ష చేయడానికి తాళం తీయమంటే మామ పొలంలో ఉన్నాడు. అతను ఫికరు లేకుండా, రిసీవరు పెట్టే చోట ఉన్న తెల్లటి బొడిపెను టకటకా కొట్టి ఎక్స్ఛేంజీతో మాట్లాడేశాడు. నేను తలుపు చాటునుంచి లెక్కపెట్టాను. మూడంకెకు మూడు దెబ్బలు, ఏడుకు ఏడు, సున్నాకు పది. డయలు తిరిగి చేసే పనినే వేలు చేస్తోంది. అంకెకూ అంకెకూ మధ్య ఒక్క ఊపిరి ఆగాలి, అంతే.

ఇక నన్ను ఆపేదెవరు? మామ పొలానికి పోయాక, అత్త నడిమింట్లో కొంగు ముఖం మీద కప్పుకుని పడుకున్నాక, నేను స్టూలు పక్కన కూలబడి చెన్నూరుకు దెబ్బలు కొట్టేదాన్ని. మా అవ్వ ఇంటి పక్క మందుల దుకాణం మాకు పి.పి. ఊరి కోడుతో కలిపితే చాలా దెబ్బలే. ఒకట్లు, రెండ్లు ఎక్కువున్న నంబర్లు మంచి గుణం కలవనీ, సున్నాలు, తొమ్మిదులు ఉన్నవి మొండివనీ అప్పుడే తేలింది. మందుల దుకాణం నంబరు చివర అయిదు. చిటపట ఎక్కువైన రోజు లైను ఒక దెబ్బ మింగేది, అప్పుడు అది నాలుగై ఎవరో ముసలాయన ఇంటికి పోయేది. మూడోసారి ఆయన నా గొంతు గుర్తుపట్టాడు.

“మల్ల నువ్వేనా బిడ్డా? నాలుగు నాది, అయిదు మందుల దుకాణం. గింత చిన్న లెక్క యాదికుంటలేదా?”

పసుపు బస్తాల తరుగు నోటితో కట్టేదాన్ని, ఆ మాటకు నోరు మూసుకుని సరేనన్నాను. ఏమని చెప్తాను?

దొరికిన రోజు రెండే మాటలు. తిన్నవా అవ్వా, తిన్న బిడ్డా. రెండో ఏడు వానాకాలంలో మాత్రం దుకాణానికి అవ్వ రాలేదు, అన్న వచ్చాడు. అవ్వ మంచం పట్టిందని, బతుకమ్మకైనా రమ్మని అడుగుతోందని చెప్పాడు. ఈ మాట నాకెట్లా తెలిసిందని మామ అడిగితే ఏం చెప్పాలి? అన్న ఎలాగూ వస్తాడు గదా, అప్పుడే చెప్తాడులే అని రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అన్న వచ్చాడు. అవ్వ సంగతి చెప్పాడు. మామ అవ్వ జబ్బు గురించి వివరంగా అడిగి తెలుసుకున్నాడు. చెడ్డవాడు కాదు. అయితే ఆ శుక్రవారం గల్లీలో ఒకామె భర్తను కంపెనీ ఇంటికి వదులుతుందో లేదో తేలాల్సి ఉంది, ఇంకొకామె కొడుక్కు ఆపరేషన్ సంగతి తెలియాల్సి ఉంది. శుక్రవారం పోనిచ్చి శనివారం పంపుతానన్నాడు. పండగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ, ఆ శుక్రవారమే. అన్న ఈసారి బస్సెక్కలేదు, అరుగు మీదే కూర్చున్నాడు. నేను లోపల చేటలో బియ్యం పోసుకుని, ఏరాల్సిందేమీ లేకపోయినా ఏరుతున్నాను. ఫోను చచ్చిపోతే బాగుండునని మొక్కుకున్నాను. గల్లీ అంతా అది బతకాలని మొక్కుకుంటుంటే నేనొక్కదాన్ని అది చావాలని కోరుకున్నాను. ఆ రోజే మహా శ్రద్ధగా పలుకుతోంది, ఒక్క చిటపట కూడా లేదు.

మరుసటి పొద్దున, ఇంకా బుధవారమే, అత్త రిసీవరు ఎత్తి చెవికి పెట్టుకుని కేక వేసింది.

“ఏమయ్యా, గీ ఫోను మల్ల సచ్చింది!”

మామ వచ్చి ఎత్తి చూశాడు. ఊదాడు. స్టూలును ఒక దెబ్బ కొట్టాడు. శబ్దమే లేదు. అలా చావడం దానికి ఎంత అలవాటంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఫిర్యాదు ఇస్తే లైన్‌మన్ రావడానికి వారం పడుతుందని అందరికీ తెలుసు. అత్త అక్కడితో ఆగలేదు.

“సచ్చిన ఫోనుకు కోడలు కావలా? పిల్లను తోలు.”

మామ తల ఊపాడు. నేను చీరలు సంచిలో పెట్టుకుంటుంటే అత్త వచ్చి, నా సంచిలో పసుపు కొమ్ముల మూట ఒకటి తోసి, నా ముఖం చూడకుండానే అన్నది.

“మూన్నెళ్ళసంది నీ టకటకలు ఇంటున్న. ఇగ పోయి మీ అవ్వతోని నోటినిండ మాట్లాడి రా.”

 కొంగు కింద ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయనుకున్నాను గాని, చెవుల సంగతి ఆలోచించలేదు.

ఆ బతుకమ్మను మా అవ్వ మంచం పక్కనే పేర్చాను. గునుగు పూలు నేను అందిస్తే ఆమె మంచం మీదినుంచే వరుస సరిచేసింది. ఆమెతో నాకు అదే ఆఖరి బతుకమ్మ.

తిరిగి వచ్చేసరికి ఫోను పలుకుతోంది. మరోసారి పనిమీద మా గల్లీకి వచ్చిన లైన్‌మన్, నీళ్ళు అడిగి తాగుతూ, ఆ రోజు సంగతి నవ్వుకుంటూ చెప్పాడు. తీగ ఎక్కడా తెగలేదట. గోడకున్న చిన్న డబ్బీలోనుంచి తీగలు రెండూ ఊడి ఉన్నాయట. ఎలుక కొరికిందని మా అత్త చెప్పిందట.

“ఎలుక కొరికితే తీగ తెగాలె గని, మరలు గూడ ఇప్పుతదా పెద్దమ్మా?” అని తాను అడిగితే, “మా ఇంట్ల ఎలుకలు సదువుకున్నయి బిడ్డా” అన్నదట.

నేనూ నవ్వాను. అతను వెళ్ళిపోయాక నవ్వు ఆగిపోయింది. ఆ శుక్రవారం నాకోసం చచ్చిపోయిన ఫోనులోనే మా ఆయన గొంతు కూడా ఉండాలి. వారమంతా ఎదురుచూసి అవ్వా అన్న ఒక్క మాట వినే మనిషి, ఆ మాటను తన చేతులతోనే ఊడబీకి, నన్ను మా అవ్వ దగ్గరికి పంపింది. నేను తిరిగొచ్చిన మొదటి శుక్రవారం మా ఆయన, పోయిన వారం ఎటు పోయిండ్రని కోప్పడితే, అత్త నా చేతిలోనుంచి రిసీవరు తీసుకుని, ఫోను సచ్చింది కొడుకా, ఏం జేద్దుమని అన్నది. ఆమె పుట్టింటికి ఎన్నేళ్ళ కింద పోయిందో నేను ఏనాడూ అడగలేదు. అన్ని లెక్కలు కట్టాను గాని ఆ లెక్క కట్టలేదు.

గడప దగ్గర కూర్చుని ఇదంతా తలుచుకుంటుండగా మా కోడలికి నిర్మల్ నుంచి వాళ్ళన్న ఫోను చేశాడు. ఇదీ బతుకమ్మ వారమే. రేపు కారు తెస్తానంటున్నాడు. ఆమె సరే అనలేదు, కాదు అనలేదు, ఆఫీసువాళ్ళను అడిగి చెప్తానని పెట్టేసింది. నెట్ ఎలాగూ పోయింది కదా, పోయి రారాదా అన్నాను. ఆమె అలసటగా నవ్వింది.

“నెట్ పోతే పని పోదత్తమ్మా. సెల్లు నెట్టుతోని జెయ్యాలె. అది గూడ పోతే ఇయ్యాల్టి పని రేపటి పనిల కలుస్తది. నిర్మల్ పోయినా ల్యాప్‌టాప్ పట్టుకొనే పోవాలె. ఆడ మా ఇంట్ల సిగ్నల్ మిద్దె మీదికెక్కితేనే వస్తది. బతుకమ్మ ఆడుతనా, మిద్దెక్కుతనా?”

ఆ రోజు బాగుచేసే మనిషి రాలేదు. మరునాడు పొద్దున ఎవరూ ముట్టుకోకుండానే మూడో దీపం పచ్చబడింది. కోడలు వాళ్ళన్నను కారు తేవద్దని చెప్పి, వెనక గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

మనకాలంలో యంత్రాలు చచ్చిపోయేవి. చచ్చిపోయిన యంత్రం ముందు ఎంత పెద్దమనిషైనా చేతులెత్తేసేవాడు, ఆ సందులోనుంచి మాలాంటివాళ్ళం బయటపడేవాళ్ళం. ఇప్పటివి సగం చస్తాయి, సగం బతుకుతాయి, మనిషిని మాత్రం పూర్తిగా పట్టుకుంటాయి. పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చి నేను ఆ డబ్బా ముందు నిలబడ్డాను. నా చెయ్యి ప్లగ్గు దాకా పోయింది. తలుపు వెనక కోడలు ఎవరికో ఇంగ్లీషులో మన్నించమని చెబుతోంది. దీన్ని పీకితే ఆమె సెల్లు తీస్తుంది, సెల్లు పోతే రేపటి రోజును తాకట్టు పెడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుని, నాలుగు పచ్చ దీపాలనూ చూస్తూ నిలబడ్డాను.

మా అత్తకు పీకడానికి ఒక తీగైనా ఉండేది.